ఘాటు కూలికి, లాభం దళారికి

పేదవాని కంచంలో కూర లేని పూట వుంటుంది గాని కారం లేని పూట వుండదు. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో వరి నాట్లకు, పసుపు తవ్వకాలకు పోయే కూలి తల్లి సద్ది మూట విప్పినా, సిరిసిల్లలో సాంచాల కాడ రాత్రి పని చేసే కార్మికుడు గిన్నె మూత తీసినా, ముందుగ కనబడేది ఎర్రటి కారమే. కలిగినవాని ఇంట్లో మిరపకాయ కూరకు రుచినిచ్చే దినుసు. లేనివాని ఇంట్లో అదే కూర. ఈ తేడా పట్టించుకోకుండ మిరపకాయ గురించి ఎవరెంత రాసినా అది సగం సంగతే అవుతుంది.

మన మూడు పట్టణాల చుట్టూ ముఖ్యమైన పైర్లు వరి, పసుపు, మక్కజొన్న, పత్తి. మిరప పెద్ద పంటగా పండేది ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, ములుగు, భూపాలపల్లి, గద్వాల వైపు. కాబట్టి మన దిక్కు కూలీల్లో ఎక్కువమంది మిరపకాయ కొనేవాళ్లు. అక్కడి కూలీలు ఏరేవాళ్లు. ఎండకాలం మొదట్లో ఏడాదికి సరిపడ కారం పట్టించుకునేటప్పుడు కొనే కూలికి ధర మండుతుంది. ఏరే కూలికి కూలి గిట్టదు. నడుమ పండించిన రైతుకు ధర గిట్టదు. ఈ మూడూ ఒకేసారి నిజం ఎట్లయితున్నవి? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు కాయ సంగతి, తర్వాత కల్లం సంగతి, ఆ తర్వాత మార్కెట్ సంగతి చూడాలి.

మిరియం పోయి మిరప వచ్చె

మిరపకాయ మన దేశపు కాయ కాదు. అది మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాల రైతాంగం వేల ఏండ్ల కింద అడవి చెట్టును మచ్చిక చేసి తయారుచేసిన పంట. 1492లో కొలంబస్ అటు పోయిన తర్వాత అది సముద్రాలు దాటింది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడల్లో మన పడమటి తీరానికి చేరింది. అంటే కాకతీయుల కాలంలో ఓరుగల్లు వంటిండ్లలో మిరపకాయ లేదు. అప్పుడు కారం అంటే మిరియమే. మిరియం పేరు మీదనే మిరపకు ఆ పేరు వచ్చిందని భాష తెలిసినవాళ్లు చెబుతారు.

మిరియాన్ని మిరప ఎందుకు గెలిచిందో ఆలోచిస్తే పేదవాని కోణం తెలుస్తుంది. మిరియపు తీగ మలబారు కొండల్లో, వానలు బాగా పడే చోటనే పెరుగుతుంది. అది వర్తకుని చేతి సరుకు, రాజుల బొక్కసానికి సుంకం తెచ్చే సరుకు. మిరప అట్ల కాదు. పెరట్లో నాలుగు మొక్కలు నాటినా కాస్తది. ఎండబెడితే ఏడాది నిలుస్తది. గింజ దాచుకుంటే మళ్లా మొలుస్తది. వర్తకునికి సలాం కొట్టే పని లేకుండ పేదోని కంచంలోకి కారం వచ్చింది ఇట్లనే. ఒకప్పుడు ఏ వర్తకుని చేతిలో లేదని పేదలు స్వంతం చేసుకున్న కాయ, ఈ రోజు పూర్తిగా వర్తకుని చేతిలోకి పోయింది. ఇది మనం గుర్తుంచుకోవలసిన సంగతి.

మంట గింజలో లేదు

మిరప మంట అంతా గింజలో వుంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కాయను చీల్చి చూస్తే నడుమ గింజలు అంటుకొని తెల్లటి పొర వుంటుంది. మంట పుట్టించే పదార్థం ఆ పొరలో తయారవుతుంది. గింజలు దానికి అంటుకొని వుంటాయి గనుక వాటికీ ఘాటు తగులుతుంది. ఆ పదార్థం పేరు కాప్సైసిన్.

నాలుక మీద మిరప పడితే అక్కడ నిజంగా కాలదు. మన నరాల చివర వేడిని కనిపెట్టే ఒక ద్వారం వుంటుంది. సుమారు 43 డిగ్రీల వేడి దాటితే అది తెరుచుకొని, కాలుతున్నదని మెదడుకు కబురు పంపుతుంది. కాప్సైసిన్ దొంగ తాళంచెవి లాగ అదే ద్వారాన్ని తెరుస్తుంది. అందుకే చెమట పడుతుంది, కండ్ల నీళ్లు కారుతాయి. ఈ సంగతిని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం బయటపెట్టింది. అందుకు ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షులకు ఈ మంట తెలియదు. చిలక, పిట్ట హాయిగా మిరపపండు తిని గింజను దూరదూరం పారేస్తాయి. పశువులకు, మనుషులకు తెలుస్తుంది. తన గింజను నమిలి పాడుచేసే జంతువును దూరం పెట్టి, చల్లిపెట్టే పక్షిని దగ్గరకు రానిచ్చే ఉపాయం అది.

కాప్సైసిన్ నీళ్లల్లో కరగదు. నూనెలో, కొవ్వులో కరుగుతుంది. కారం తిని నీళ్లు తాగితే మంట తగ్గక నోరంతా పాకుతుంది. సల్ల తాగితే తగ్గుతుంది, ఎందుకంటే పాలల్లో వుండే మాంసకృత్తు ఆ పదార్థాన్ని పట్టుకొని లాగేస్తుంది. గటకలో సల్ల పోసుకొని ఎల్లిపాయ కారం నంజుకోవడం మన పెద్దలకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు. నాలుకే చెప్పింది.

ఘాటుకు కొలత కూడ వున్నది. 1912లో స్కోవిల్ అనే అమెరికా మందుల నిపుణుడు మిరప సారాన్ని తీపి నీళ్లల్లో కలుపుతూ, మంట తెలియకుండ పోయేదాక ఎన్ని రెట్లు పలచన చెయ్యాలో లెక్కగట్టాడు. ఆ పేరుతోనే ఇప్పటికీ ఘాటు కొలుస్తారు. కాకపోతే ఇప్పుడు నాలుక బదులు యంత్రాలున్నాయి. మన దగ్గర పండే వాటిలో తేజ రకానికి ఘాటు ఎక్కువ. వరంగల్ వైపు పండే లావు చపాట రకానికి, అంటే టమాట మిర్చికి, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. ఈ వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడ దక్కింది.

ఘాటు వేరు, రుచి వేరు

ఘాటు, రంగు, వాసన అనే మూడింటిని మనం ఒక్కటిగా చూస్తాం గాని అవి వేరువేరు. ఘాటున్న కాయకు రంగు వుండాలని లేదు. రంగున్న కాయకు మంట వుండాలని లేదు. వాసన మాత్రం ఎండలోను, మంటలోను తయారవుతుంది. పచ్చిమిరపకు లేని కమ్మటి వాసన ఎండుకాయకు వస్తుంది. దాన్ని నూనెలో వేయిస్తే ఒక రుచి, నిప్పుల మీద కాలిస్తే ఇంకొక రుచి. పచ్చిపులుసు చేసే ఇల్లాలు ఎండుమిరప కాల్చి చింతపండు రసంలో నలిపి ఉల్లిగడ్డ వేస్తుంది. పొయ్యి మీద కూర వండే పని లేదు, నూనె ఖర్చు లేదు. పప్పు కొనలేని ఇంట్లో అన్నం తడిసి దిగడానికి అది దారి. ఎల్లిగడ్డ, ఉప్పు, కారం కలిపి రోట్లో దంచితే ఎల్లిపాయ కారం. పండు మిరపను ఉప్పు, చింతపండుతో నూరి జాడీకి ఎత్తితే తొక్కు. సల్లలో ఊరబెట్టి ఎండబెడితే వానకాలానికి ఊరమిరపకాయలు. పోపులో రెండు ఎండుకాయలు తుంచి వేస్తే నీళ్ల పప్పుకు కూడ ప్రాణం వస్తుంది.

ఈ మూడు పట్టణాల చుట్టూ వున్న పల్లెల నుండి ఎంతోమంది పనికి దుబాయి, మస్కట్, సౌదీకి పోయారు. పోయే పెట్టెలో బట్టల నడుమ కారం పొట్లం, తొక్కు డబ్బా వుండని ఇల్లు తక్కువ. ఎడారిలో కూలి శిబిరపు చప్పటి అన్నానికి ఇంటి రుచి ఆ డబ్బాయే.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలి. కారం ఆకలిని మరిపిస్తది గాని తీర్చదు. కారం తగిలితే నోట్లో నీళ్లూరి చప్పటి బువ్వ నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతుంది. కడుపు నిండినట్టు వుంటుంది. కాని కండ పట్టడానికి పప్పు కావాలి, పాలు కావాలి, ఆకుకూర కావాలి. పచ్చిమిరపలో, పండుమిరపలో సి విటమిన్ బాగా వుంటుంది. హంగరీ దేశంలో సెంట్ గ్యోర్గీ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి మిరప నుండే ఆ విటమిన్‌ను పెద్ద ఎత్తున తీశాడు. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని ఎండలో ఎండిన కాయలో ఆ విటమిన్ చాలమటుకు పోతుంది. ఎర్రరంగుతో వచ్చే ఎ విటమిన్ మూలం కొంత నిలుస్తుంది. చిటికెడు కారంతో ఎంత వస్తుంది? కూలీలకు కారం చాలు అనేవాడు కూలి తక్కువిచ్చి తృప్తిపడమని చెప్పేవాడే.

కారం పొడి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చిన్న పొట్లాల్లో దొరికే చవక కారంలో ఇటుక పొడి, రంగు కలిపే దుర్మార్గం ఎప్పటినుండో వున్నది. గుడ్డకు, మైనానికి వేసే సూడాన్ రంగు కలిసిన కారం 2005లో బ్రిటన్‌లో వందల రకాల తిండి సరుకుల్లో బయటపడితే అన్నిటినీ అంగళ్ల నుండి వెనక్కి తీయించారు. వాళ్లకు పరీక్షించే యంత్రాంగం వుంది. మనకు గాజు గ్లాసు వుంది. గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లి కదపకుండ చూస్తే, కలిపిన రంగు గీతలు గీతలుగా దిగుతుంది. ఇటుక పొడి తొందరగా అడుగుకు చేరి వేళ్లకు గరుకుగా తగులుతుంది. వీలున్నంతవరకు నలుగురిండ్లు కలిసి ఎండుకాయ కొని గిర్నిలో పట్టించుకోవడం మేలు.

ఏరే చేతులు

ఇక చేలోకి పోదాం. పండు మిరపలో బరువుకు నూటికి 65 నుండి 80 వంతులు నీరే వుంటుంది. ఎండిన తర్వాత నిలువ వుండాలంటే అది 10, 11 వంతులకు దిగాలి. అంటే సుమారు మూడు నాలుగు కిలోలు ఏరితే ఒక కిలో ఎండుకాయ. ఇప్పుడు లెక్క కోసం ఒక ఆడకూలి పొద్దస్తమానం వంగి 40 కిలోల పండుకాయ ఏరిందనుకుందాం. అది ఎండితే 10 కిలోలు. అంటే క్వింటాలు ఎండుమిరప వెనుక ఏరుడు పని ఒక్కటే పది రోజుల కూలి. ఎనిమిది గంటల పనిదినం చూసుకుంటే మనం కొనే ఒక్కో కిలో కాయలో ఒక తల్లి వంగిన నడుముతో గడిపిన 48 నిమిషాలు వున్నాయి. ఆ మీద కల్లంలో ఎండబోసుడు, తిప్పుడు, తాలుకాయ వేరు చేసుడు, తొడిమ తీసుడు. ఇవి ఎక్కువగా ఆడవాళ్ల పనులే.

ఈ పనిలో మంట నోటికి కాదు, చేతికి. కాప్సైసిన్ వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి దిగితే రాత్రంతా మండుతుంది. చంటిపిల్లను ఎత్తుకోవడానికి భయం. కల్లంలో లేచే దుమ్ము ముక్కులోకి పోతే దగ్గు, తుమ్ములు ఆగవు. ఇక్కడ పైన చెప్పిన సంగతి పనికొస్తుంది. మంట నీళ్లతో పోదు గనుక ముందు చేతులకు నూనె బాగా రాసి రుద్ది తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. పనికి పోయేముందే నూనె రాసుకుంటే లోపలికి తక్కువ దిగుతుంది. కంట్లో పడితే మాత్రం నూనె పనికిరాదు. మంచినీళ్లు ధారగా పోస్తూ కడగాలి, తగ్గకపోతే దవాఖానకు పోవాలి. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు కూలి అడుక్కునే దానం కాదు. పని చేయించుకునేవాడు ఇవ్వవలసిన పనిముట్టు.

మిరప మీద పురుగు మందులు బాగా కొడతారు. 2021 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి తెలుగు రాష్ట్రాల మిరప తోటలను పూత మీదనే తినేసినప్పుడు రైతులు దిక్కుతోచక మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు గాని అప్పు పెరిగింది. మందు కొట్టిన చేలో గడువు దాటకముందే కూలీలను దింపితే ఆ విషం మొదట అంటేది కూలి చేతికే. ఏ రోజు ఏ మందు కొట్టారని అడగడం కూలీల హక్కు.

ఏరే కాలంలో ములుగు, భూపాలపల్లి తోటలకు ఛత్తీస్‌గఢ్ నుండి ఆదివాసీ కూలీలు వస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు పని ఆగిపోయి, బండ్లు లేక, ములుగు జిల్లా మిరప చేల నుండి బీజాపూర్ జిల్లాలోని ఇంటికి కాలినడకన బయలుదేరిన 12 ఏండ్ల ఆదివాసీ పిల్ల మూడు రోజులు నడిచి ఇంటి దగ్గరకు వచ్చి ప్రాణం విడిచింది. బడిలో వుండవలసిన పిల్ల మిరప చేలో ఎందుకున్నది? ఈ ప్రశ్నకు జవాబు ఆ కుటుంబంలో లేదు. పెద్దలిద్దరు పనిచేసినా ఇల్లు గడవని కూలి రేటులో వున్నది.

జెండా పాట, తరుగు కోత

వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. మిరప కాలంలో బస్తాలు కొండలుగా పేరుకుంటాయి. పొద్దున్నే జెండా పాట పాడతారు. ఏరి చూసిన మేలైన ఒక రాశికి వచ్చిన ధర ఆ రోజు జెండా ధర. పేపర్లో పడేది అదే. పల్లెలో రైతు పేపరు చూసి సంబరపడి సరుకు తెస్తాడు. తీరా వస్తే రంగు తక్కువన్నారు, తేమ వుందన్నారు, తాలు కలిసిందన్నారు. జెండా ధరకు రెండు మూడు వేలు తక్కువకు అమ్మి, తరుగు, కమీషను, హమాలీ ఖర్చులు పోగొట్టుకొని ఇంటికి పోతాడు. ప్రయోగశాలలో ఘాటుకు కొలత వుంది, రంగుకు కొలత వుంది. మిరప సారం, రంగు తీసే కంపెనీలు ఆ కొలతల మీదనే విదేశాలకు అమ్ముకుంటాయి. రైతు సరుకు కాడికి వచ్చేసరికి ఖరీదుదారు కన్నే కొలత.

ధర ఎట్ల ఊగుతుందో చూడండి. ముందటి ఏడు క్వింటాలు 10 వేలు దాటిన మిరప 2017 ఏప్రిల్‌లో 3 వేల దగ్గరకు పడిపోయింది. లెక్క కోసం రోజు కూలి 300 రూపాయలనుకుంటే పైన చెప్పిన పది రోజుల ఏరుడు కూలే 3 వేలు. ఇక నారుకు, ఎరువుకు, మందుకు, కౌలుకు ఏం మిగిలినట్టు? ఆ ఏడు ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల కడుపు మంట బద్దలయింది. తర్వాత పదిమంది రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. కేంద్రం క్వింటాలుకు 5 వేల చొప్పున తెలంగాణలో 33,700 టన్నులు కొనవచ్చునని ప్రకటించేసరికి చాలమంది చిన్న రైతులు వచ్చిన కాడికి అమ్ముకున్నారు.

నల్ల తామర దెబ్బకు దిగుబడి పడిపోయిన తర్వాత ఏనుమాములలో సింగిల్ పట్టి రకానికి క్వింటాలు 80 వేల దాక పాడి రికార్డు అన్నారు. కాని ఆ ధరకు అమ్మడానికి ఎంతమంది దగ్గర కాయ వుంది? ఆ ధర చూసి అందరు మిరప వేసిన తర్వాత మళ్లా పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయలని జోక్యం ధర ప్రకటించవలసి వచ్చింది. కనీస మద్దతు ధర వున్న పంటల పట్టికలో మిరప లేదు. రైతు రోడ్డెక్కితే తప్ప ప్రభుత్వం కన్ను తెరవదు.

మరి రైతుకు ధర పడిన ఏడు కొనే కూలికి కారం చవకయిందా? కాలేదు. కోల్డ్ స్టోరేజీ ఖర్చు భరించి ఆర్నెల్లు ఆగగలవాడే ధరకు యజమాని. పేదరైతు అడ్తిలో అప్పు తెచ్చాడు గనుక ఆగలేడు. కూలి తల్లి వారం కూలితో పొట్లం కొంటుంది గనుక ఆమె అసలే ఆగలేదు. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

మిరప పొగ, మిరప పొడి

మిరపకాయకు ఇంకొక చరిత్ర వున్నది. మద్రాసు రాష్ట్రంలో శిస్తు కట్టలేని రైతులను కంపెనీ సర్కారు నౌకర్లు హింసించిన తీరు మీద 1855లో వచ్చిన విచారణ సంఘం నివేదికలో, కండ్లల్లో మిరపపొడి పెట్టడం కూడ ఆ హింసల్లో ఒకటిగా నమోదయింది. రైతు పండించిన కాయనే రైతు కండ్లల్లో కొట్టారు. తొంభై ఏండ్ల తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో కథ తిరగబడింది. రజాకార్లు ఊళ్ల మీద పడితే ఆడవాళ్లు రోకళ్లు, వడిసెలలు, కారం పొడి పట్టుకొని నిలబడ్డారు. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు వేళ లోక్‌సభలో ఒక సభ్యుడు చల్లినదానిని పేపర్లు పెప్పర్ స్ప్రే అన్నాయి. పేరు మిరియానిది గాని అటువంటి డబ్బాల్లో వుండే ఘాటు మిరపదే. అదే కాప్సైసిన్‌తో కీళ్ల నొప్పులకు పూసే మందులు కూడ తయారవుతున్నాయి. చేతిలో వున్నది ఒకే కాయ. ఎవరి చేతిలో వున్నదనేదే అసలు సంగతి.

మనం అడగవలసినవి

ఏరుడు కూలి ఎంతనేది చేలోకి దిగకముందే, ఊరంతా ఒక్కమాటగా తేల్చుకోవాలి. కాటా కూలీల ముందరే పెట్టాలి. మగవానికొక రేటు, ఆడదానికొక రేటు చెల్లదని 1976లోనే చట్టం చేశారు. 2019 వేతన కోడ్‌లో దాన్ని కలిపారు. పేరు మారినా సూత్రం పోలేదు. చేతి తొడుగు, ముక్కు గుడ్డ, సబ్బు, తాగునీళ్లు పని చోటనే వుండాలి. వలస కూలీల పేర్లు పంచాయతీలో రాయించాలి, వాళ్ల పిల్లలకు బడి చూపించాలి.

రైతులకు ఊరూర సిమెంటు కల్లాలు, టార్పాలిన్లు కావాలి. మట్టి మీద తడిగా ఎండిన కాయకు బూజు పట్టి విషం పుడుతుంది. తూకం కోసమో, విరగకుండనో నీళ్లు చల్లి బస్తా కట్టినా అదే జరుగుతుంది. అది తినేవాళ్ల కాలేయానికి ముప్పు, అమ్మేవాళ్ల ధరకు దెబ్బ. మార్కెట్‌లో తేమ, రంగు కొలిచే యంత్రాలు రైతు ముందర పెట్టి ఆ కాగితం చేతికిచ్చి ధర కట్టాలి. మిరపకు ఖర్చు మీద లెక్కగట్టిన మద్దతు ధర వుండాలి. చౌకధరల దుకాణంలో బియ్యంతో పాటు పప్పు, నూనె, కల్తీ లేని కారం ఇవ్వాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల కూలీలు వెట్టి వద్దని, కూలి పెంచాలని లేచినప్పుడు కూడ దొరలు ఇట్లనే నవ్వారు. సెప్టెంబరు 7న జగిత్యాలలో జనం వేలాదిగా నడిచారు. అక్టోబరులో ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అయినా వెట్టి మళ్లీ నిలబడలేదు. వెట్టి పోయింది ఎవరో దయతలచి కాదు. నలుగురు ఒక్కటై అడిగితే పోయింది. రేపు మిరప చేలో కాటా ముందు నిలబడి కూలి రేటు అడిగేటప్పుడు కూడ నలుగురు కలిసే అడగాలి. ఏరే కూలి, పండించే పేదరైతు ఒకరి మీద ఒకరు పడితే అడ్తి దుకాణంలో కూర్చున్నవాడు నవ్వుతాడు. ఇద్దరి లెక్కా ఒకే కాగితం మీద రాసుకొని పోతే అప్పుడు ఘాటు తగలవలసిన చోట తగులుతుంది.